గోర్లు పెరిగిన వేటకుక్క

మా ఆయన చనిపోయిన ఏడాది, ఆయన పెంచిన వేటకుక్కను తీసుకుని ఆళ్లగడ్డలో నంద్యాల ఆటో ఎక్కాను. పక్కన పరుపులు కుట్టే సాయిబు ఒకాయన కూర్చున్నాడు, ముసలాయన. అడగకుండానే కుక్క కాలు తన ఒళ్లో పెట్టుకున్నాడు.

"గోర్లు ఇంత పెరిగినాయేందమ్మా? పరిగెత్తే కుక్క గోర్లు నేలకే అరుగుతాయి. కట్టేసినావా?"

నాకు కోపం వచ్చింది. "రెండు పూటలా సంగటి పెడతాండా గదప్పా. ఏం తక్కువ చేసినా?"

"తిండి కాదు, దీనికి పరుగు కావాల. తెల్లారుజామున చేలల్లో వదులు. ఇట్లే కట్టేస్తే బతకదు."

"అంత పొద్దున్నే నేను గడప దాటితే, ముండమోపి ఎదురొచ్చిందని ఊరంతా తిడతాది."

"ఊరి కోసం దీన్ని చంపుతాండావు" అని ఆయన శిరివెళ్లలో దిగిపోయాడు.

కుక్కను కట్టేశానని నన్ను అన్నాడు. నన్ను కట్టేసినవాళ్లను మాత్రం ఎవరూ ఒక్క మాట అనరు.

మర్నాడు తెల్లారుజామున గొలుసు విప్పి బయలుదేరాను. ఎదురొచ్చిన ఇద్దరు ఉమ్మేసి వెనక్కి తిరిగారు. చేను గట్టు మీద "పో" అని కుక్కను వదిలాను. అది పరిగెత్తలేదు. తల వంచుకుని, నా కొంగు పక్కనే, నా నడకే నడిచింది.