ఎర్రయ్య అని పిలిస్తే

మా రైల్వే ఊళ్లో, ఇందా పేటలోని మా కాలేజీ కంప్యూటర్ ల్యాబుకు హరిబాబు వచ్చి పద్దెనిమిదేళ్లు. పెళ్లి చేసుకోలేదు. న్యూ సెటిల్‌మెంట్ పేటలో ఒక్క గది అద్దెకు తీసుకుని ఉంటాడు, సైకిలు మీద వస్తాడు. పక్క బల్ల నాది. నాతో రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప.

ల్యాబులో ఇరవై లినక్స్ కంప్యూటర్లున్నాయి. ఒకదాన్నొకటి పిలుచుకోవాలంటే ప్రతిదానికీ ఓ పేరు ఉండాలి కదా. ఆ పేర్లు పెట్టింది హరిబాబే. ఎర్రయ్య, ఏలియా, విల్‌ఫ్రెడ్, జెర్రీ... అందరూ రైల్వే వర్క్‌షాపులో ఒకే గ్యాంగు మనుషులు. ఎర్రయ్య అంటే హరిబాబు నాన్న. ఆ రోజుల్లో గేటు దగ్గర ఇత్తడి టోకెన్ ఇచ్చేవారు, దాని మీది నంబరుతోనే మనిషిని పిలిచేవారు. ఎర్రయ్య నాలుగొందల పన్నెండు. ఆఖరి రోజుల్లో మంచంలో ఉన్న ఆయన్ని కొడుకు "నాన్నా" అని పిలిస్తే "నాలుగొందల పన్నెండు, హాజిర్" అని పలికేవాడట.

"ఆ గ్యాంగులో ఇప్పుడెవులూ నేరు దీదీ. పేరెట్టి పిలిస్తే ఈ డబ్బాలే పలుకుతాయి నాకు" అన్నాడోసారి. ఆ పూట అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

ఈ ఏప్రిల్‌లో కొత్త ఇన్‌ఛార్జి రాధిక మేడమ్ పేర్లన్నీ మార్చేయమన్నారు. సీటు-1 నుంచి సీటు-20 వరకు, వరుసగా. పిల్లలు వెతుక్కోనక్కర్లేదు, ఆవిడ అన్నదాంట్లో తప్పూ లేదు. హరిబాబు మారు మాట్లాడకుండా గంటలో మార్చేశాడు. నాకు ఒళ్లు మండింది. మనిషికి కాస్తయినా పంతం ఉండొద్దూ?

పంతం ఉందని తర్వాత తెలిసింది. నడుస్తున్న కంప్యూటరుకు ఒక్క ఆదేశంతో కొత్త పేరు పెట్టొచ్చు. కానీ మళ్లీ ఆన్ అయినప్పుడు అది తన పేరును లోపలున్న ఓ చిన్న ఫైల్లోంచి చదువుకుంటుంది. హరిబాబు ఆ ఫైలు జోలికి పోలేదు. ల్యాబులో కంప్యూటర్లను ఎప్పుడూ ఆపరు కాబట్టి రెండు వారాలు గడిచిపోయాయి. ఓ మధ్యాహ్నం కాల్‌బైశాఖి గాలివానకు కరెంటు పోయింది. తిరిగొచ్చేసరికి ఇరవై తెరల మీదా పాత పేర్లే.

"మర్చిపోయారా హరిబాబుగారూ?" అన్నారు మేడమ్.

ఔనంటే గొడవే ఉండేది కాదు.

"నేదండి. కావాలనే సేసినాను. అందులో ఒకటి మా నాన్న పేరండి. సెరపడానికి సెయ్యి రానేదు."

"సాయంత్రంలోగా ఫైల్లో కూడా మార్చేయండి" అన్నారావిడ మెల్లగా. కోప్పడినా బాగుండేది.

ఒక్కొక్కటే మార్చాడు. ఎర్రయ్యను చివరికి ఉంచుకున్నాడు. అదీ అయ్యాక తన సొంత కంప్యూటరులో, అన్ని చిరునామాలూ పేర్లూ ఉండే జాబితా తెరిచాడు. అందులో ఒక్కో వరుసలో మొదట అసలు పేరు రాసి, పక్కన మనకు నచ్చిన పేరు కూడా రాసుకోవచ్చు. ఎర్రయ్యకు వచ్చిన కొత్త పేరు సీటు-17. దాని పక్కన ఎర్రయ్య అని రాశాడు. ఇక ఆ పేరు హరిబాబు కంప్యూటరు ఒక్కదానికే తెలుసు. మిగతావాటికి ఎర్రయ్యంటే ఎవరో తెలియదు.

తర్వాత ఆ పేరు టైపు చేసి ఎర్రయ్యను పిలిచాడు. నేనూ వంగి చూశాను. వెంటనే జవాబొచ్చింది. కాకపోతే కంప్యూటరు వరుసలోని మొదటి పేరే చూపిస్తుంది. తెర మీద సీటు-17, సీటు-17 అని పడుతూ పోయింది.

"మా నాన్నా ఇలాగే నంబరే సెప్పేవోడు దీదీ" అన్నాడు హరిబాబు.

సైకిలు తాళం తీసుకుని లేచాడు. ఆ పూట అతనితో గేటు దాకా అయినా నడవాల్సింది. నేను నడవలేదు.