నార్సింగికి తరలిపోయిన సముద్రం

ఆ రోజుల్లో నేను మనుషుల కంటే ఉప్పునీళ్లనే ఎక్కువగా నమ్మేవాణ్ని. నీళ్లలో ఉప్పెంత, వేడెంత, సున్నమెంత అని కొలిస్తే అవి దాచుకోకుండా చెప్పేస్తాయి. మనుషులు అలా చెప్పరు కాబట్టి వాళ్లను నేను పెద్దగా అడిగేవాణ్ని కాదు. కాకినాడలో సముద్రానికి సైకిలు దూరంలో పుట్టి పెరిగి, దాని వంక ఒక్కసారైనా శ్రద్ధగా చూడనివాణ్ని, ఉద్యోగానికని హైదరాబాదు వచ్చి నల్లగండ్లలో ఫ్లాటు అద్దెకు తీసుకున్నాక, ముందుగదిలో గోడ పొడవునా సొంత సముద్రం ఒకటి కట్టుకున్నాను. (మా అమ్మకు ఫోనులో చెబితే, ఇంటి పక్కన ఊరికే ఉన్నదాన్ని అక్కడికెళ్లి కొనుక్కున్నావా అంది. ఆ కోణం నేను పరిశీలించలేదు.) ప్రాణమున్న పగడాలు, వాటి సందుల్లో తిరిగే రంగురంగుల చేపలు, కెరటంలా నీళ్లను తోసే పంపులు, పైన నీలం దీపాలు. నీళ్ల వేడి కాస్త అటూ ఇటూ అయితే నా ఫోనుకు కబురు వచ్చే ఏర్పాటు కూడా చేసుకున్నాను. ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేరులో తప్పులు పట్టడం. ఇంటికొచ్చి సముద్రంలో తప్పులు పట్టేవాణ్ని.

ఆ అక్వేరియానికి ఉన్న ఒకే ఒక్క నిజమైన ప్రేక్షకుడు మా మామగారు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరై, అత్తగారితో కలిసి మా వెనక వీధిలోనే ఉండేవారు. మాట తక్కువ మనిషి. పెళ్లయిన కొత్తలో మా ఇద్దరి సంభాషణ ‘ఆఫీసు బస్సు దొరికిందా’, ‘దొరికిందండి’ దగ్గర ఆగిపోయేది. అక్వేరియం వచ్చాక మాత్రం ఆదివారం పొద్దున్నే వచ్చి, దాని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చునేవారు. ఉద్యోగమంతా కాలువల్లో నీళ్లు పారించిన మనిషి కదా, చేపల కంటే ముందు ఆయన కళ్లు నీళ్ల నడక మీద పడేవి. ఏ మూల నీరు నిలిచిపోతోంది, ఆ రాయి జరిపితే ఏమవుతుంది అని అడిగేవారు. నేను చెబుతుంటే నెమ్మదిగా తలూపేవారు. ఆ తలూపు కోసం నేను శనివారమంతా అద్దాలు తుడిచేవాణ్ని. మా సొంత నాన్న కూడా నా మాట అంతసేపు విన్న గుర్తు లేదు.

ఇంతలో మా ఆవిడకు నెల తప్పింది. పుట్టబోయే బిడ్డకూ, సాయానికి వచ్చి ఉండబోయే అత్తగారికీ ముందుగది కావాలి. మా ఆవిడ ఆ విషయం చాలా శాంతంగా చెప్పింది: ఆ గదిలో సముద్రమైనా ఉండాలి, ఉయ్యాలైనా ఉండాలి. నేను లాభనష్టాలన్నీ రెండు వరుసల్లో రాసుకుని చూశాను. ఉయ్యాలే గెలిచింది. (సముద్రం వైపు వరుసే పొడుగ్గా ఉంది. అయినా ఉయ్యాలే గెలిచింది.) కాబట్టి పెద్దదాన్ని ఎవరికైనా ఇచ్చేసి, బల్ల మీద పట్టే చిన్న అక్వేరియంతో సరిపెట్టుకోవాలని నిర్ణయమైంది.

ఎవరికివ్వాలన్న ప్రశ్న మా వదినే, అంటే మా ఆవిడ అక్కే, తేల్చేసింది. నార్సింగిలో రింగురోడ్డు కనిపించేంత ఎత్తున వాళ్ల ఫ్లాటు. హాలే మా ఇల్లంత ఉంటుంది. ఆవిడ భర్తది వరంగల్ వైపు. మేం తోడల్లుడంటాం, ఆయన షడ్డకుడంటాడు. మాడ్యులర్ కిచెన్లు చేయించే వ్యాపారం. జీవితంలో ఏ వస్తువుకీ వాడుక పుస్తకం తెరిచి చూసిన మనిషి కాదు. మా ఆఫీసులో ఒకరి పని ఇంకొకరికి అప్పజెప్పేటప్పుడు కేటీ అని ఒక తతంగం ఉంటుంది, తెలిసిందంతా తెలియనివాడికి ఎక్కించడం. నేను ఆయనకు వరసగా కొన్ని ఆదివారాలు కేటీ ఇచ్చాను. ఉప్పు కలిపే విధానం, మేత వేళలు, ఏ చేపకు ఏ చేపంటే పడదు, ఇవన్నీ కాగితాల మీద అచ్చు వేయించి, తడవకుండా లామినేషన్ చేయించి మరీ ఇచ్చాను. ఆయన ఒకటి తిరగేసి చూసి, టీ కప్పు దాని మీద పెట్టాడు.

“గిన్ని కాయితాలెందుకు తమ్మీ. ఆకలైతే అవే మొకం పెడ్తయ్ గదా.”

అంతా అప్పగించాను, ఒక్కటి తప్ప. నీళ్ల వేడి కబురు పంపే ఏర్పాటు మాత్రం నా ఫోనులోనే ఉంచుకున్నాను. కొత్త మనిషి కుదురుకునేదాకా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఇక నా చిన్న అక్వేరియం ఎక్కడ పెట్టాలన్నది పెద్ద పరిశోధన. హాల్లో సాయంత్రం ఎండ పడుతుంది, నాచు పట్టేస్తుంది. వంటింట్లో నూనె ఆవిరి. ముందుగది సరే సరి. ఎండ, గాలి, అదురు, ఇన్వర్టరు కనెక్షను, అన్నిటికీ మార్కులు వేస్తే మా పడగ్గదిలో కిటికీ లేని మూలకు మొదటి ర్యాంకు వచ్చింది. అక్కడే పెట్టాను. అందులో నాలుగు చిన్న పగడాలు, ఇసుకలో బొరియ తవ్వుకునే ఒక రొయ్య, ఆ బొరియ గుమ్మంలో కాపలా కూర్చునే వేలెడంత చేప. అంతే. మొదటి ఆదివారం మామగారు వచ్చారు. పడగ్గది గుమ్మం దగ్గరే నిలబడి, అక్కణ్నుంచే మెడ సాచి చూసి, “బాగుందండి” అన్నారు. కూర్చోండి అని నేను మంచం పక్కన కుర్చీ వేస్తే, ఏదో పనుందని వెళ్లిపోయారు. ఆ ‘బాగుందండి’ నాకు సరిపోలేదు. చిన్నదైపోయింది కదా, ఆయనకు ఆనలేదు అనుకున్నాను.

తర్వాతి ఆదివారం ఆయన నార్సింగి వెళ్లారు. ఆ తర్వాతిది కూడా. ఆటో మా గేటు ముందే ఎక్కేవారు. బాల్కనీలో మొక్కలకు నీళ్లు పోస్తున్నట్టు నిలబడి నేను చూసేవాణ్ని. (మాకు మొక్కలుండేవి కావు. అందుకోసమే రెండు కొన్నాను.) ప్రియురాలు ఇంకొకరి బండెక్కి వెళ్తుంటే చూసినవాళ్లకు ఎలా ఉంటుందో నాకు తెలియదు కానీ, మామగారు ఆటోలో కూర్చుని, పంచె సర్దుకుని, “నార్సింగి పోనీ” అన్నప్పుడు నేను నిండిన కుండీలోనే మళ్లీ నీళ్లు పోసేవాణ్ని.

ఆగలేక నేనూ వెళ్లడం మొదలుపెట్టాను, నీళ్లు పరీక్ష చేసే మిషతో. చిన్న సీసాల్లో నీళ్లు పట్టి, రంగు మందు చుక్కలు వేసి, దీపం కింద పెట్టి చూసేవాణ్ని. ఏదో ఒకటి ఎక్కువో తక్కువో ఉంటుందని ఆశ. ప్రతిసారీ నీళ్లు దివ్యంగా ఉండేవి. మంచి నీళ్లను చూసి అంత దిగులుపడినవాడు ఇంకొకడుంటాడని అనుకోను. ఇది చాలదన్నట్టు, నా దగ్గరున్నన్నాళ్లూ నా చెయ్యి నీళ్లలో పెడితే రాతి వెనక దాక్కున్న పసుపుచేప, మా షడ్డకుడి వేళ్ల మధ్య నుంచి నాచు ముక్క లాక్కుని తినేది. పక్కనే మామగారు. ఆయన తలూపుతున్నారు. అదే తలూపు. నాకు ఇచ్చినదే, ఇంకా ఉదారంగా.

“ఏంది తమ్మీ,” అన్నాడు మా షడ్డకుడు, నా సీసాల వంక చూస్తూ. “నీళ్లు చూడనీకి వచ్చినవా, మమ్మల్ని చూడనీకి వచ్చినవా?”

రెండూ అన్నాను. నవ్వాను కూడా. పళ్లు నొప్పెట్టాయి.

ఇలా సాగుతుండగా ఒక పనిరోజు మధ్యాహ్నం, గచ్చిబౌలిలో మా ఆఫీసులో మీటింగు నడుస్తుండగా నా ఫోను అరిచింది. నార్సింగిలో నీళ్లు వేడెక్కుతున్నాయి. ఇరవై ఆరు డిగ్రీలుండాల్సింది ముప్పై అయింది, చూస్తుండగానే నలభై దాటింది. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఆ పెద్ద అక్వేరియంలోని నీళ్లు అంత వేగంగా వేడెక్కాలంటే కింద గాడిపొయ్యి పెట్టాలి. ఇంజనీరింగు చదివినవాడికి ఇది తట్టాలి. నాకు తట్టలేదు. పసుపుచేప తేలిపోతున్నట్టే కనిపించింది. షడ్డకుడికి ఫోను చేస్తే ఎత్తలేదు, వదిన ఎత్తలేదు. ఇంట్లో అర్జెంటని చెప్పి బయటపడి, రోడ్డు మీద జ్యూస్ బండి దగ్గర ఐసు మూట కట్టించుకుని, బైక్ టాక్సీ ఎక్కాను. కొంతదూరం పోయాక నడిపే అతను వెనక్కి తిరగకుండానే అడిగాడు.

“సార్, వీపంత తడుస్తున్నది. అండ్ల చేపలున్నయా?”

లేవు, చేపల కోసమే ఐసు తీసుకెళ్తున్నాను అన్నాను.

“సచ్చినయా సార్?”

బతికే ఉన్నాయన్నాను. అతను బండి నెమ్మది చేసి, “బతికున్న చేపలకు ఐసెందుకు సార్” అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం ఉంది కానీ, వివరించే స్థితిలో లేను.

తలుపు తీసింది మామగారు. పనిరోజు కూడా ఆయన నార్సింగిలోనే ఉంటున్నారన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. నలభై డిగ్రీలకు లేని వేడి దానికి నాలో పుట్టింది. పరుగున లోపలికెళ్లి చూస్తే చేపలన్నీ హాయిగా తిరుగుతున్నాయి. అక్వేరియం లోపల ఉండాల్సిన సెన్సరు తీగ మాత్రం బయటికొచ్చి, టీపాయ్ మీద పొగలు కక్కుతున్న స్టీలు గ్లాసులో మునిగి ఉంది.

“మీటరు ఎంతవరకు నమ్మచ్చో చూద్దామని వేణ్నీళ్లు మార్చి మార్చి పోసి చూస్తున్నానండి,” అన్నారు మామగారు. “పర్వాలేదు, బాగానే చూపిస్తోంది.” అంటూ నా చేతిలో కారుతున్న మూట వంకా, నా చొక్కా వంకా చూసి, “అవునూ, ఇక్కడి సంగతి మీకెలా తెలిసింది అల్లుడుగారూ?” అన్నారు.

చెప్పక తప్పలేదు. ఫోను చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, వారాల తరబడి నేను కాపలా కాసిన ఆ నీళ్ల వేడి గీతను అటు చివరినుంచి ఇటు చివరిదాకా చూశారు. ఐసు ఎలాగూ తెచ్చారు కదా అని వంటింట్లోకెళ్లి నిమ్మరసం కలిపి తెచ్చారు. ఇంతలో మిస్డ్ కాల్స్ చూసుకుని మా షడ్డకుడు కూడా షాపు నుంచి పరుగెత్తుకొచ్చాడు. విషయం తెలిసి సోఫాలో కూలబడి నవ్వుతున్నాడు. ఆ నవ్వుకో, ఎండకో, మామగారు కలిపిచ్చిన ఆ నిమ్మరసానికో, నా నోట్లోంచి ఎన్నాళ్ల నుంచో ఉన్న మాట ఊడిపడింది.

“పెద్దదైతేనే వస్తారన్నమాట. మా ఇంటికి మాత్రం రారు కదండీ.”

మామగారు గ్లాసు కింద పెట్టారు. అదేం లేదండి అన్నారు. తర్వాత బాల్కనీలో ఆరేసిన బట్టలు తీయాలని గుర్తొచ్చి అటు వెళ్లిపోయారు.

నన్ను ఆఫీసు దగ్గర దింపుతానని మా షడ్డకుడు కారు తీశాడు. సర్వీసు రోడ్డు ఎక్కాక నెమ్మదిగా అడిగాడు.

“నీ చిన్న అక్వేరియం ఏడ పెట్టినవ్ తమ్మీ?”

పడగ్గదిలో అన్నాను. ఆ మూలకు మొదటి ర్యాంకు ఎందుకొచ్చిందో చెప్పబోయాను.

“ర్యాంకు సంగతి ఉండనియ్యి. బిడ్డ, అల్లుడు పండుకునే అర్రల మామ కుర్చేసుకోని ఎట్ల కూసుంటడు? అండ్ల పిల్ల కడుపుతోని ఉన్నది, పొద్దుగాల లేవలేక పండుకుంటది. ఆయన వాకిట్లకెల్లే మర్లిపోతడు, ఇంగేం జేస్తడు. నాతోని అన్నడు గూడ, నీకు చెప్పనీకి మొకమాటమైంది.”

ఎండ, గాలి, అదురు, ఇన్వర్టరు. నా పరిశోధనలో మామగారు లేరు. గుమ్మం దగ్గర నిలబడి మెడ సాచిన ఆయన రూపం ఇప్పుడు కళ్ల ముందుకొచ్చింది. గడప బయటే రెండు కాళ్లూ. నేను ఆయన్ను మంచం పక్కనున్న కుర్చీలోకి పిలిచాను. సిగ్గుతో కిటికీలోంచి బయటకు చూస్తుంటే, మా షడ్డకుడు పాట పెట్టి, పరేషాన్ గాకు అన్నాడు. ఆ మాట కూడా నా మీద గెలిచినవాడిలా అనలేదు. అనుంటే బాగుండేది, అసూయపడటానికి వీలుగా ఉండేది.

ఆ సాయంత్రమే అక్వేరియాన్ని హాల్లోకి మార్చాను. మా ఆవిడ అంతా విని, నాన్న ఎందుకు రావట్లేదని నన్నొక్కసారి అడిగితే చెప్పేదాన్ని కదా అంది. నిజమే. అడగలేదు. (ఫోనులో గీత చూస్తూ కూర్చున్నాను.) హాల్లో ఎండకు అద్దాలకు నాచు పట్టింది, నేను ఊహించినట్టే. గీకడం నేర్చుకున్నాను.

ఆదివారం మామగారు వచ్చారు. పిలవకుండానే. హాల్లో కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నారు. మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత బొరియలోంచి రొయ్య ఒక గులకరాయిని దొర్లించుకుంటూ బయటికి తెచ్చి, గుమ్మంలో పడేసి, మళ్లీ లోపలికి వెళ్లింది. చేప కదల్లేదు. ఆయన అలాగే చూస్తూ ఉండిపోయారు. నేను నీళ్ల నడక గురించి చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన ఏమీ అడగలేదు. చాలాసేపటికి మాత్రం అన్నారు.

“అక్కడ అన్నీ ఒకటే పరుగులండీ, చూస్తే అలసటొస్తుంది. ఇక్కడ ఏమీ జరగదు. కూర్చోబుద్ధవుతుంది.”

ఆ మాటను నేను నార్సింగి మీద తిరుగులేని విజయంగా జమ కట్టుకుని, వారమంతా ఆఫీసులో కారణం చెప్పకుండా నవ్వుతూ తిరిగాను. మా ఇంట్లో ఏమీ జరగదని అనడం పొగడ్తేనా అని అప్పట్లో నేనైన ఆ కుర్రాడికి ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. ఇప్పుడు నాకు వస్తుంది. అయినా ఆ లెక్క మార్చలేదు.