నల్లా దరఖాస్తు మీద ఎవరి పేరు

కామారెడ్డి మున్సిపాలిటీ ఆఫీసులో నన్ను అటెండరుగా తీసుకున్నది ఎనభయ్యో దశకం ఆఖర్లో, దసరా పోయిన తర్వాతి సోమవారం. ఊరు పంచాయతీ నుంచి మున్సిపాలిటీగా మారి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. నా భర్త అదే ఆఫీసులో వాచ్‌మన్‌గా ఉండి జబ్బు చేసి పోయాడు. ఆయన జాగాలో నాకు ఉద్యోగం ఇచ్చారు. నేను చదివింది ఐదో తరగతి. మా సొంతూరు ఎల్లారెడ్డి. ఏడేళ్ళ బిడ్డను అక్కడ మా అమ్మ దగ్గర ఉంచి, కామారెడ్డిలో ఒక అర్ర కిరాయికి తీసుకున్నాను. శనివారం సాయంత్రం బస్సెక్కితే మళ్ళీ సోమవారం పొద్దున వాపసు. మిగిలిన రోజులన్నీ ఆఫీసు వరండాలోని బల్ల మీదే గడిచాయి. పని ఉన్నంతసేపు బిడ్డ మీదికి మనసు పోయేది కాదు. అందుకే పని లేకుండా కూర్చునేదాన్ని కాదు.

అటెండరంటే చాయలు తెచ్చే మనిషి అనుకుంటారు. అది ఒక పని మాత్రమే. జనం తెచ్చిన దరఖాస్తు మొదలు ఇన్‌వర్డు గుమాస్తా దగ్గరికి పోవాలి. ఆయన తారీఖు ముద్ర కొట్టి, నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కిస్తాడు. నంబరు పడని కాగితానికి విలువ లేదు. అక్కడినుంచి కమిషనరు సారు బల్ల మీదికి, ఆ తర్వాత సెక్షనుకు. నీళ్ళ సంగతైతే వర్క్ ఇన్‌స్పెక్టరు స్వయంగా పోయి చూసి రిపోర్టు రాయాలి. రిపోర్టు సరిగా ఉంటేనే నెలకోసారి జరిగే కౌన్సిలు మీటింగు అజెండాలోకి ఎక్కుతుంది. ఆ అజెండా కాగితాలను వార్డు మెంబర్ల ఇండ్లకు తీసుకుపోయి, తపాలు పుస్తకంలో సంతకం పట్టుకొని రావడం నా బాధ్యత. నడిచే పోయేదాన్ని. మీటింగు అయ్యాక మిగిలిపోయిన కాగితాలను పారెయ్యనిచ్చేదాన్ని కాదు. వెనక వైపు తెల్లగానే ఉంటుంది కదా, చిత్తు రాతకు పనికొస్తుంది.

ఆ చలికాలంలో రైలు పట్టాల అవతలి గల్లీ నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకామె గంగవ్వ, గల్లీలో పెద్దమనిషి, ఎవరికీ జంకని నోరు. రెండో ఆమె హమీదా, పాతికేళ్ళు కూడా ఉండవు. ఆ గల్లీలో హిందువులూ ముస్లింలూ కలిసే ఉండేవాళ్ళు. దాదాపు అన్ని ఇండ్లలో మగవాళ్ళు మస్కట్‌కో దుబాయికో పోయి ఉన్నారు. నల్లా పట్టాలకు ఇవతల ఉంది. ఆడవాళ్ళు బిందెలెత్తుకొని, కంకర మీద కాలు నిలదొక్కుకుంటూ పట్టాలు దాటాలి. పోయిన ఏడాది హమీదా అక్కడే జారి పడింది. కడుపులో బిడ్డ పోయింది. పెనిమిటి సెలవు మీద వచ్చి పోయాడు, ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల. బరువు ఎత్తొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఎత్తకపోతే ఇంట్లో నీళ్ళు లేవు. గల్లీలో ఒక వీధి నల్లా కావాలి, అది ఎండాకాలం రాకముందే రావాలి. వాళ్ళు అడిగింది అంతే.

దరఖాస్తు ఎట్లా రాయించాలని నన్ను అడిగారు. నేను గుమాస్తాను అడగకుండా, తెలిసినదానిలాగా చెప్పాను. ఇంటి పన్ను రిజిస్టరులో ఎవరి పేరుంటే ఆ పేర్లే రాయించండి, వేరే పేరుంటే వాపసు పంపుతారు అన్నాను. అది కొత్త ఇంటి నంబరుకు పెట్టుకునే దరఖాస్తు పద్ధతి. వీధి నల్లాకు అది అక్కరలేదు. ఆ తేడా నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

మూడో రోజు కాగితం తెచ్చారు. పంతొమ్మిది పేర్లు, అన్నీ మగవాళ్ళవే. ప్రతి పేరు పక్కన ఒక వేలిముద్ర. నంబరు పడింది. నాకు సంతోషమైంది కూడా.

వారం తర్వాత ఇన్‌స్పెక్టరు సారు విచారణకు పోతూ, గల్లీ చూపించమని నన్ను వెంట తీసుకుపోయాడు. ఆయన మంచివాడే, కానీ కాగితంలో ఉన్నదే చూసేవాడు. గల్లీ మొదట్లో నిలబడి పేర్లు చదవడం మొదలుపెట్టాడు. తలుపుల వెనక ఆడవాళ్ళు నిలబడ్డారు గానీ ఒక్కరూ పలకలేదు. పెనిమిటి పేరు నోటితో చెప్పరు. నలుగురి ముందు ఎవరో ఆ పేరు గట్టిగా పిలుస్తుంటే, అది మా ఇల్లేనని చెప్పడానికి కూడా సిగ్గుపడ్డారు. హమీదా వాళ్ళాయన పేరు రెండుసార్లు పిలిచాడు. ఆమె తలుపు పరదా పట్టుకొని నేల చూసింది.

చివరికి గంగవ్వే ముందుకొచ్చింది.

"పిలిచి పిలిచి గొంతెందుకు నొప్పి చేసుకుంటవు సారూ? వాళ్ళంత మస్కట్ల ఉన్నరు. గీ గల్లీల మొగోడంటే రైలు గేటు కాడ జెండ ఊపెటాయన ఒక్కడే."

గల్లీ అంతా నవ్వింది. సారు నవ్వలేదు. మరి ఈ వేలిముద్రలు ఎవరివని అడిగాడు.

"మావే. మా ఇండ్లు, మా చేతి ఏళ్ళు. ఇంకెవలయి ఉంటయి?" అంది గంగవ్వ.

ఒకరి పేరు మీద ఇంకొకరు వేలిముద్ర వేయడం తప్పు అని సారు చెప్పాడు. తన జేబు పుస్తకంలో రాసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ సలహా నాదని అప్పుడే చెప్పాల్సింది. కొత్త ఉద్యోగం, దాని మీదే నా బిడ్డ బతుకు. నోరు మూసుకున్నాను. హమీదా నా దిక్కు ఒకసారి చూసి లోపలికి పోయింది. నా పేరు ఆమె కూడా చెప్పలేదు.

రిపోర్టులో అర్జీదారులు స్థానికంగా లేరని, ముద్రలు వారివి కావని వచ్చింది. దరఖాస్తు ఫైలు మూసేశారు. ఆ రాత నేనే మోసుకుపోయి సెక్షనులో ఇచ్చాను.

మరుసటి రోజు పొద్దున సారు దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "రాసిన రిపోర్టు మార్చరాదు సత్తెమ్మా. ఉన్నోళ్ళ పేర్లతోని కొత్త కాగితం తెమ్మను. మల్లొచ్చి చూస్త," అన్నాడు. ఆ నెల అజెండా అప్పటికే మెంబర్లకు చేరింది. చేర్చింది నేనే. అంటే ఇంకో నెల ఆగాలి.

ఆ ఆదివారం ఎల్లారెడ్డి పోలేదు. ఉద్యోగంలో చేరాక బిడ్డ దగ్గరికి పోని మొదటి వారం అది. పాత అజెండా కాగితాలు తీసుకొని, వెనక వైపు పేర్లు రాసుకుందామని గల్లీకి పోయాను. అసలు పేరు అడిగితే ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏళ్ళ తరబడి ఫలానా వాని తల్లి, ఫలానా ఆయన భార్య అనే పిలిపించుకున్నవాళ్ళు. ఒక ముసలమ్మ చాలాసేపు ఆలోచిస్తే గంగవ్వ ఊరుకోలేదు.

"నీ పేరు నీకే యాదికొస్తలేదా? రేపు నల్లా వస్తె ఇల్లు యాడున్నదో అది గూడ మమ్ములనే అడుగుతవా ఏంది?"

అందరివీ రాశాక హమీదా ఇంటికి పోయాను. తాళం వేసి ఉంది. దరఖాస్తు పోయిందని తెలిసి, వాళ్ళమ్మ వచ్చి కాన్పు దాకా పుట్టింటికి తీసుకుపోయిందట. పుట్టింటి ఊరు ఎల్లారెడ్డే. నేను పోవాలని కొట్టుకునే ఊరికి ఆమె పోయింది, ఆమె ఉండాల్సిన గల్లీలో నేను నిలబడ్డాను.

హమీదా పేరే మొదలు రాయమని గంగవ్వ అడిగింది. ఆమె కోసమే కదా ఇదంతా అంది. నేను రాయలేదు. సారు మళ్ళీ వచ్చి పిలిస్తే పలికే మనిషి ఉండాలి, లేకుంటే ఈ కాగితం కూడా పోతుంది అన్నాను. గంగవ్వ నాతో ఆ రోజు మళ్ళీ మాట్లాడలేదు.

ఈసారి సారు పిలిచిన ప్రతి పేరుకూ తలుపు వెనక నుంచి "నేనే" అని గొంతు వినిపించింది. తర్వాతి మీటింగులో తీర్మానం పాసైంది. ఎండాకాలం నడుమ నల్లా పడింది. ఎక్కడ పెట్టాలని అడిగితే హమీదా వాళ్ళ గోడ పక్కన పెట్టించింది గంగవ్వ.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం ఎల్లారెడ్డి అంగట్లో హమీదా కనబడింది. చంకలో ఆడపిల్ల, మూడు నెలలది. నన్ను చూసి నిలబడింది. మొదలు అడిగింది నల్లా గురించే.

"నీళ్ళు మంచిగ వస్తున్నయా అక్కా? ఎంతసేపు ఇడుస్తరు?"

పొద్దున గంట, సాయంత్రం గంట అని చెప్పాను. మీ గోడ పక్కనే ఉందని చెప్పాను. వాళ్ళాయన పని ఇంకో రెండేళ్ళు పొడిగించారట, అప్పటిదాకా తల్లి దగ్గరే ఉండమని ఉత్తరం రాశాడట. ఆ ఇల్లు వేరేవాళ్ళకు కిరాయికి ఇచ్చేశారు.

"కాయితం మీద నా పేరు రాసిన్రా?" అని అడిగింది.

"రాయలే. నువ్వు ఆడ లేవు గద."

తల ఊపింది. కోపం తెచ్చుకోలేదు. "నేనుంటే మొదటి బిందె నేనే పట్టుకుందును," అని, పిల్లను భుజం మార్చుకొని పోయింది. ఆ తర్వాత ఆమెను చూడలేదు. అటెండరుగానే రిటైరై ఎల్లారెడ్డి వచ్చేశాను. అంగడి రోజు ఇప్పటికీ ఆ వైపు పోతే, బురఖా వేసుకున్న ఆడవాళ్ళ నడక చూస్తాను. ఆమె కూతురికే ఇప్పుడు పిల్లలుండే వయసు. ఆ వరండా, తారీఖు ముద్ర చప్పుడు, తలుపుల వెనక "నేనే" అన్న గొంతులు కూడా యాదికొస్తాయి. ఏమీ చేసేది లేదు.

ఆ దరఖాస్తు నుంచి నేను నేర్చుకున్నవి రెండు. తెలియనిది అడిగితే గుమాస్తాను అడిగి వచ్చి చెప్పాలి, గౌరవం తగ్గుతుందని జంకి, ఊహించి చెప్పరాదు. రెండోది, ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, నీళ్ళ కోసం కాగితం పట్టుకొని వచ్చినవాళ్ళను ఇల్లెవరిదని అడగలేదు. బిందె ఎవరు మోస్తున్నారని అడిగి, వాళ్ళ పేరు మొదటి వరుసలో, వాళ్ళు ఇంకా అక్కడ ఉండగానే రాయించాను.