దసరా ఫ్లాపీ మీద అప్పీలు

పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునే మెకానిక్‌గా పనిచేశాను. ఇప్పటికీ దసరా వస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆయుధపూజకు మెయిన్ ఆపి, మిషన్లన్నీ కడిగి బొట్లు పెట్టేవాళ్లం. మళ్లీ కరెంటు ఇచ్చేసరికి, బ్యాటరీలు చచ్చిన కంప్యూటర్లు సెట్టింగులన్నీ మరిచిపోయేవి. కాగితం చూసి ఒక్కొక్కటీ ఎక్కించేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. విసిగిపోయి, రెండు నెలలు కూర్చుని ఒక ప్రోగ్రాం రాశాను. పూజకు ముందు సెట్టింగులన్నీ ఫ్లాపీలో దాస్తుంది, పూజ అయ్యాక తిరిగి ఎక్కిస్తుంది. ఆ ఏడాది పక్క ఫ్యాక్టరీల మెకానిక్‌లకు ప్రసాదంతో పాటు ఆ ప్రోగ్రాం ఎక్కించిన ఫ్లాపీ తలా ఒకటి పంచాను. పండుగ పూట నా ఒక్కడి దగ్గరే దాచుకోవడం ఏం మర్యాద?

మూడేళ్లకు మా మేనేజరు దానికి పేటెంటు అడిగాడు. కనిపెట్టింది తానేనని రాసుకున్నాడు. కీబోర్డు మీద తన పేరు వెతుక్కోవడానికే ఐదు నిమిషాలు పట్టే మనిషి! మేం ముందునుంచే వాడుతున్నామని పక్క ఫ్యాక్టరీ వాళ్లు అడ్డం తిరిగారు. పేటెంటు ఆఫీసు కాదంది. అప్పీలుకు వెళ్లాడు. అప్పుడు గుర్తొచ్చాను నేను.

గదిలోకి పిలిచి ఒక కాగితం ముందర పెట్టాడు. ప్రోగ్రాం మేనేజరుదేనని, నేను బటన్లు నొక్కిన హెల్పర్‌నని, బయట ఎవరికీ ఇవ్వలేదని అందులో ఉంది.

"సంతకం పెట్టు. నీకేం పోతది?" అన్నాడు.

"నా పేరు పోతది సార్. రాసింది నేను."

"పేరుతోని ఏం జేస్తవ్‌రా? నౌకరీ సూసుకో."

ఆ 'రా'తో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితం అక్కడే వదిలేసి వచ్చాను. ఆ ప్రోగ్రాం నాదేనని, దసరాకు నేనే పంచానని ఉన్నదున్నట్టు రాసి, పక్క ఫ్యాక్టరీ వకీలుకు ఇచ్చాను. వారం తిరక్కుండా నౌకరీ పోయింది.

"పోనీ తియ్. కోర్టు కాయితం మీద నీ పేరన్న ఎక్కుతది" అంది మా ఇంటిది.

అప్పీలు కొట్టేశారు. వకీలు ఆఫీసు చుట్టూ తిరిగి తీర్పు నకలు తెచ్చుకుని, ఇస్నాపూర్‌లో మా కిరాయి గది గడప మీద కూర్చుని చదివాను. మేనేజరు పేరు పేజీ పేజీకీ ఉంది. నేను మాత్రం 'ఒక మాజీ ఉద్యోగి'. ఈ పద్ధతి ఈ ప్రాంతంలో ముందునుంచే వాడుకలో ఉంది కనుక, మొదట ఎవరు తయారుచేశారో తేల్చాల్సిన అవసరం లేదట.

"యాడున్నది నీ పేరు, సూపియ్యి" అంటూ ఇంటిది వచ్చి పక్కన కూర్చుంది.

ఏ పాపం ఎరగని ఆ మనిషి మీద, వాడకట్టంతా వినేలా అరిచాను.