తాళం లేని కార్ఖానా

"తలుపుకి తాళం కూడా లేదు కదమ్మా, మరి ఎందుకు పారిపోలేదు?"

ఓనరు తరఫు లాయరు కోర్టులో అలా అడిగినప్పుడు, బట్టల కార్ఖానాలో కాజాలు కుట్టే ఆమె, పని చేయించే మేస్త్రీ వైపు ఒకసారి చూసి, "తెలీదండీ" అంది. పోలీసులు పెట్టిన వెట్టిచాకిరీ కేసు కొట్టేశారు. మెట్ల దగ్గరే మేస్త్రీ ఆటో ఆపి, "ఎక్కండి మహారాణీగారూ, వంకర కాజాల అప్పు ఇంకా తీరలేదు" అన్నాడు. వంకరపోయిన ప్రతి కాజాకూ చొక్కా ధర ఆమె ఖాతాలోనే రాసేవారు. ఆమె ఎక్కింది.

రెండేళ్లకు చట్టాన్ని గట్టిపరిచారు. సభల్లో చప్పట్లు మోగాయి గానీ, ఆమెకు పనికొచ్చింది అందులో ఒక్క వాక్యమే: అప్పు చూపించో, బెదిరించో పనిలో ఉంచినా బంధించినట్టే. పోలీసులు మళ్ళీ వచ్చి కొత్త కేసు పెట్టారు. మళ్ళీ అదే బోను, అదే లాయరు, అదే ప్రశ్న. వెనక బెంచీలోంచి మేస్త్రీ రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఆమె బోను చెక్కను గట్టిగా పట్టుకుంది.

"తాళం ఎందుకండీ? మా చెల్లి ఏ బడిలో చదువుతుందో, ఎన్నింటికి బయటికొస్తుందో ఆ మేస్త్రీకి తెలుసు. రోజూ నా చెవిలో చెప్పి వెళ్లేవాడు."

లాయరు కూర్చున్నాడు. ఓనరుకూ మేస్త్రీకీ శిక్ష పడింది. అయినా అప్పీలు పేరుతో మేస్త్రీ బయటే తిరుగుతున్నాడు. అందుకే ఆమె చెల్లిని బడి గేటు దాకా తనే తీసుకెళ్తుంది. ఓనరు ఇవ్వాల్సిన ఇరవై ఆరు నెలల జీతం ఇంకా అందలేదు.