తరవాణి కుండను తోమిన కోడలు

నాకు అక్షరాలు ముప్పై దాటాక వచ్చాయి. సాగరు కాలవ ఇంకా మా ఊరు చేరని రోజులు. గ్రామసేవిక మహిళా మండలి పెట్టి మధ్యాహ్నాలు మా పదిమంది చేత పలకలు పట్టించింది. మిగతావాళ్లు సంతకం దాకా నేర్చుకుని ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు. సబ్బు కాగితం నుంచి ఎరువు బస్తా దాకా కనిపించిందల్లా గట్టిగా చదివేదాన్ని. వీధి ఎంత విసిగిపోయిందో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. అప్పుడు వేయలేదు.

వాచకంలో ఆరోగ్యం పాఠం ఒకటుంది. కంటికి కనిపించని క్రిములు రోగాలు తెస్తాయని, పాత్రలు మరిగిన నీళ్లతో కడగాలని. అది చదివి ఇంటికొస్తే ముందుగా కంటపడింది మా అత్తగారి తరవాణి కుండ. రోజూ గంజి, బియ్యం కడుగు అందులో పోస్తే పులుస్తుంది. ఆ పులిసిన నీళ్లు చద్దన్నంలో పోసుకుని తిని చేలోకి పోతాం. అడుగున కాస్త ఉంచి మళ్లీ పోస్తారు. ఆవిడ కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ కుండ ఎండలేదు. నేను దాన్ని దొడ్లోకి ఈడ్చి, చాకలి సోడా వేసి, సలసల కాగే నీళ్లతో పీచు పెట్టి తోమాను.

అత్తగారు అరవలేదు. "చదువుకున్నదానివి," అంది, అంతే. మెప్పనుకున్నాను.

అంతటితో ఆగానా? ఎదురింటి పిన్ని కుండ దగ్గరా నిలబడి పాఠం వినిపించాను. "పారబొయ్యి పిన్నీ, అన్నీ క్రిములే."

"ఉంటే ఉన్నాయిలేవే. మీ అత్త తన కుండలోంచి తోడుకిచ్చిందే ఇది. ఇన్నేళ్లలో మమ్మల్ని కరిచింది లేదు."

పక్షం తిరక్కుండానే కాలికి తుమ్మముల్లు దిగి చీము పట్టింది. దర్శిలో డాక్టరు అప్పుడే కొత్తగా వచ్చిన గొట్టం బిళ్లలు, అదే క్యాప్సూళ్లు, ఇచ్చాడు. పుండు మానింది, అబద్ధమెందుకు. కడుపు మాత్రం పోయింది. బిళ్లలు అయిపోయినా ఆగలేదు. పది రోజులు చెంబు నా చేయి వదల్లేదు. అటు చేలో మిరపకాయ ఎర్రగా పండి కోతకొచ్చింది. కోతలో సాలు ముందు నడిచేదాన్ని నేనే. అలాంటిది అరసాలు కోసేసరికి కళ్లు తిరిగి కూలబడ్డాను.

ఈమధ్య పేపర్లో చదివాను, గట్టిగా కాదు, మనసులోనే. మన పేగుల్లో లెక్కలేనన్ని క్రిములు కాపురముంటాయట, చాలావరకు మనకు మేలు చేసేవేనట. చెడ్డవాటిని చంపే మందు ఒక్కోసారి వాటినీ ఊడ్చేస్తుందట. అంటే ఆ నెలలో తోమింది ఒక కుండ కాదు, రెండు.

గేదె వట్టిపోయి ఇంట్లో మజ్జిగ చుక్క లేదు. సిగ్గు విడిచి అత్తగారిని తరవాణి అడిగాను.

"కొత్త కుండ పెట్టి పోశాగా, పులవలా, కుళ్లింది. పారబోసింది నువ్వు, తెచ్చుకునేదీ నువ్వే. ఎదురింట్లో ఉంది నాది."

పిన్ని వాకిట్లో నలుగురు ఆడవాళ్లు మిరపకాయలు ఏరుతున్నారు.

"ఏమే, క్రిములు కావాల్సొచ్చాయా?"

"కాస్త తరవాణి పొయ్యి పిన్నీ, నిలబడలేకపోతున్నా."

"పోస్తా. ముందు ఆ పాఠం చదువు."

హాస్యమనుకున్నాను. కాదు. వాచకం తెప్పించింది. నలుగురూ చేతులాపి కూర్చున్నారు. 'కంటికి కనిపించని క్రిములు' అని ఒక ముక్క చదవడం, ఒక గుక్క తాగడం. మధ్యలో పుస్తకం పడేసి దొడ్లోకి పరిగెత్తాను. తిరిగొచ్చాక ఆపిన చోటు నుంచే చదివించింది.

ఇంటికి ఒక చెంబుడు పోసిచ్చింది. అత్తగారు మూత తీసి వాసన చూసి, "నాదే," అంది. కొత్త కుండలో పోసింది.

అదే మాన్పిందో, మానే వేళకు తాగానో చెప్పలేను. ఆరో రోజు మళ్లీ సాలు ముందు నేనే. ఆ పొద్దున నా చద్దన్నంలో తరవాణి వంచుతూ అత్తగారు అంది: "ఇక దీనికి చదువు చెప్పకు."