మండలి గురించి ఆమెకు నేనిచ్చిన జవాబు

మా ముత్తాత ఆదోని తాలూకాలో ఏడూళ్లకు పెద్ద. ఆయన అరుగు మీద కూర్చుని చెప్పిన తీర్పును కోర్టుకు తీసుకెళ్లినవాళ్లు లేరని మా ఇంట్లో చెప్పుకునేవారు. మా తాతకు ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు ఉండేది. మా నాన్న కాలానికి మిల్లు పోయి అరుగు మిగిలింది. నాకు ఆ అరుగూ, దాని మీద నిటారుగా కూర్చునే అలవాటూ వచ్చాయి.

ఆ అలవాటు చూసే కాబోలు, ఊరి బయట ఉన్న ఒక గురువుగారి మండలిలో నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. అక్కడ తొమ్మిదేళ్లు ఉన్నాను. ఆ మండలిని దేవుడే నడిపిస్తున్నాడనేవాళ్లున్నారు. ఆడపిల్లలను కన్నవాళ్లకు కాకుండా చేస్తారనేవాళ్లూ ఉన్నారు. నాకు ఆఫీసులో ఫోను చూసే పని ఇచ్చారు. నా గొంతులో పెద్దింటి మర్యాద ఉందన్నారు. లోపల చేరిన అమ్మాయిల కోసం తల్లులు ఫోన్ చేసేవారు. "ధ్యానంలో ఉందమ్మా, తర్వాత చెయ్యండి" అని చెప్పేవాణ్ణి. ఆ అమ్మాయి కిటికీ అవతల బట్టలు ఉతుకుతూ కనబడుతున్నప్పుడు కూడా అదే మాట. నేను ఎంత మెత్తగా చెప్పేవాణ్ణంటే, తల్లులు నాకు దండాలు చెప్పి ఫోన్ పెట్టేసేవారు.

ఒక రోజు కొత్తగా చేరిన కాంట్రాక్టరు కోసం నన్ను మూడో వరుసకు జరగమన్నారు. మర్నాడే మండలి వదిలేశాను. ఆ తల్లుల కోసం వదల్లేదు. అడిగినవాళ్లకు మాత్రం అక్కడి చప్పిడి తిండి ఒంటికి పడలేదని చెప్పాను.

రెండేళ్ల కిందట ఎమ్మిగనూరు నుంచి ఒక నేతామె నా దగ్గరికి వచ్చింది. భర్త పోయాడు. ఉన్నది ఒక్క కూతురు, రెండు మగ్గాలు. ఆ కూతురు మండలిలో చేరతానని పట్టుబట్టిందట.

"మా ఆయప్ప ఉన్నింటే తాగొచ్చి తిట్టయినా ఆపుతుండె సామీ. ఇప్పుడు ఆ సుఖం గూడా లేకపాయ" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అడిగింది. "మీరు ఆడ ఉండి వచ్చినోళ్లు. ఉన్నది ఉన్నట్టు సెప్పండి. బిడ్డను పంపొచ్చునా?"

చెప్పాలంటే ఫోను సంగతి చెప్పాలి. మూడో వరుస సంగతి చెప్పాలి. తొమ్మిదేళ్లు మోసపోయి, మోసం చేసి వచ్చానని ఒక నేతామె ముందు ఒప్పుకోవాలి. నేను నడుము ఇంకాస్త నిలబెట్టి, "మంచి చోటే. క్రమశిక్షణ ఉంటుంది" అన్నాను.

ఆమె దండం పెట్టి వెళ్లింది. కూతురు ఆ నెలలోనే చేరింది.

మొన్న వేసవిలో మళ్లీ వచ్చింది. ఈసారి అరుగు ఎక్కలేదు. కింద నిలబడే మాట్లాడింది.

"ఏడాదాయ సామీ, బిడ్డ మొగం చూసి. ఫోన్ చేస్తే ఎవరో పెద్దమనిషి ఎత్తుతాడు. బో మర్యాద. ధ్యానంలో ఉందమ్మా అంటాడు."

పైకి వచ్చి కూర్చోమన్నా ఆమె కదల్లేదు, అక్కడి నుంచే అంది.

"ఆడ వంట చేసే ఆమె అప్పుడే సెప్పింది, పంపొద్దక్కా అని. లోపల తింటా లోపలోళ్లను తిడతాండాదే, ఈమెకు యాడో కడుపుమంట అనుకుంటి. మీరేమో ఇడిసిపెట్టొచ్చినోళ్లు. ఇడిసినోళ్లు గూడా మంచి సెప్పినారంటే అది నిజమే అనుకుంటి."

అప్పుడు చెప్పాను. ఫోను, కిటికీ, కాంట్రాక్టరు, అన్నీ. చెబుతున్నంతసేపూ ఆమె నా ముఖం చూడలేదు. చివరికి, "ఆ గొంతుతో సెప్తే ఎవురు మాత్రం నమ్మరు సామీ?" అంది. తిట్టినా అంత తగిలేది కాదు.

ఆమె తన ఫోను నా చేతికిచ్చింది. "మీరు అడగండి. మీ మాట వింటారేమో."

చేశాను. అవతలి గొంతు నా గొంతు కంటే మెత్తగా ఉంది. ధ్యానంలో ఉందండీ అన్నాడు. "ఆ కుర్చీలో తొమ్మిదేళ్లు కూర్చుని ఇదే మాట చెప్పినవాణ్ణి నేను. అమ్మాయిని పిలవండి" అన్నాను. ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

మర్నాడు ఇద్దరం మండలి గేటు దగ్గరికి వెళ్లాం. సాయంత్రం దాకా నిలబడ్డాం. లోపలికి రానివ్వలేదు. నన్ను గుర్తుపట్టిన ఒకాయన మాత్రం కుర్చీ తెప్పించి నాకు వేయించాడు. నేను కూర్చోలేదు. ఆమె నన్ను కూర్చోమనలేదు.

పోలీసు స్టేషన్‌కు వెళ్లి, నేను ఫోనులో చెప్పిన అబద్ధాలన్నీ రాసి సంతకం పెట్టాను. అమ్మాయి మేజరని, తన ఇష్టంతోనే ఉన్నానని చెప్పిందని వాళ్లన్నారు. ఆ మాట ఆ అమ్మాయి ఎవరి ముందు చెప్పిందో నాకు తెలియదు.

రోజూ ఎమ్మిగనూరు నుంచి వచ్చిపోవడం ఆ తల్లి వల్ల కాలేదు. మండలి గేటుకు ఎదురుగా ఒక గది అద్దెకు తీసుకుంది. దానికోసం రెండు మగ్గాలూ అమ్మేసింది.